కోకా సుబ్బారావుగారి అసమ్మతి

దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన ఖరక్ సింగ్ ఇంటి తలుపును ఉత్తరప్రదేశ్ పోలీసులు రాత్రివేళ తట్టి లేపేవారు. 1962లో సుప్రీంకోర్టు ఆ రాత్రి తనిఖీలను కొట్టివేసింది గాని, గోప్యతకు రాజ్యాంగ హామీ లేదన్నది. మన కోకా సుబ్బారావుగారు, జె.సి.షాగారితో కలిసి, విభేదించారు. గోప్యత వ్యక్తిస్వేచ్ఛలో విడదీయరాని భాగమనీ, నిఘా నీడన తిరిగేవానికి దేశమంతా చెరసాలేననీ వారి అభిప్రాయం.

అది నెగ్గడానికి సుమారు 55 ఏళ్లు పట్టింది. ఆధార్ వివాదం నుండి తలెత్తిన పుట్టస్వామి కేసులో, 2017 ఆగస్టు 24న, తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించారు.

ఇప్పుడు మన సమాచారం కోరేది పోలీసు ఒక్కడే కాదు, వర్తకుడు కూడా. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టంలో ఒక ఉదాహరణ ఉన్నది: వైద్యసలహా యాప్ ఫోనులోని పరిచయస్తుల జాబితా అడిగితే, వినియోగదారు ఒప్పుకున్నా ఆ జాబితాకు సమ్మతి వర్తించదు. కాదంటే సేవే దొరకని చోట మన 'అంగీకారం' ఏపాటి స్వేచ్ఛ? సుబ్బారావుగారి ప్రశ్న ఇంకా మిగిలే ఉన్నది.