ఉప్పు – జఠర క్యాన్సర్: పరిశోధన చరిత్ర

ఆహారంలోని ఉప్పుకూ జఠర క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని తేల్చే కృషి ప్రధానంగా జపాన్‌లో, ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో సాగింది. ఉప్పు జఠరం లోపలి జిగురుపొరను దెబ్బతీసి, ఇతర క్యాన్సర్ కారకాలకు దారి ఇస్తుందని నేటి అభిప్రాయం.

పూర్వరంగం: చేపలు, మాంసం, కూరగాయలను ఉప్పులో ఊరవేసి నిల్వ చేయడం అనేక దేశాల్లో ప్రాచీన కాలం నుంచి ఉన్నదే.

జపాన్ అధ్యయనాలు: రెండో ప్రపంచ యుద్ధం తరువాత జపాన్‌లో క్యాన్సర్ మరణాల్లో జఠర క్యాన్సర్‌దే మొదటి స్థానం. ఉప్పు పట్టించిన ఆహారం వాడకాన్నీ ఈ మరణాల రేటునూ పలు ప్రాంతాల్లో పోల్చి చూసిన సాతో బృందం 1959లో తన ఫలితాలు ప్రచురించింది. 1965లో తకేషి హిరయామా ఆరు ప్రిఫెక్చర్లలో (జపాన్ పాలనా విభాగాల్లో) 40 ఏళ్లు, అంతకు మించిన 2,65,118 మంది అలవాట్లను నమోదు చేయించి, 17 ఏళ్లు ఓపికగా వారి మరణాలను లెక్కగట్టారు. ఉప్పదనం ఎక్కువగా ఉండే మిసో సూప్‌ను రోజూ తాగేవారిలో జఠర క్యాన్సర్ మరణాలు తక్కువగా కనిపించడం ఈ అధ్యయనంలో విశేషం. 1967లో తకాషి సుగిమురా ఎం.ఎన్.ఎన్.జి. అనే రసాయనంతో ఎలుకల జఠరంలో క్యాన్సర్ పుట్టించారు. దానికి ఉప్పు తోడైతే కణుతులు పెరుగుతాయని తతెమత్సు బృందం 1975లో నిరూపించింది. హవాయికి వలసవెళ్లిన జపనీయుల్లో ఊరగాయలు, ఉప్పుచేపలు తినేవారికి ముప్పు ఎక్కువని 1972లో హేన్జెల్ బృందం తెలిపింది.

తరువాతి కాలం: 1982లో మార్షల్, వారెన్ హెలికోబ్యాక్టర్ పైలోరీని వెలికి తీయడంతో ప్రధాన ముద్దాయి స్థానం ఆ సూక్ష్మజీవికి దక్కింది. 1994లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మొదటి వర్గపు క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. అయినా ఉప్పుపై పరిశోధన ఆగలేదు; జపాన్‌లోనే 2004లో త్సుగానే బృందం ఉప్పు వాడకం పెరిగేకొద్దీ పురుషుల్లో ముప్పు పెరుగుతుందని చూపింది. భోజనంలో ఎప్పుడూ అదనంగా ఉప్పు చల్లుకునే అలవాటున్నవారికి, అరుదుగా గాని అసలే గాని చల్లుకోనివారికంటే ముప్పు 41 శాతం ఎక్కువని 2024లో బ్రిటన్ బయోబ్యాంక్ అనే ఆరోగ్య సమాచార నిధి ఆధారంగా జరిగిన అధ్యయనం తెలిపింది.

భారతదేశంలో: ఈ వ్యాధి అత్యధికంగా నమోదయ్యే రాష్ట్రాల్లో మిజోరం ముందుంది. అక్కడి అధ్యయనాలు పొగబెట్టి, ఉప్పు పట్టించి ఎండబెట్టిన మాంసం, చేపలతో పాటు పొగాకునూ ముప్పు పెంచే అంశాలుగా పేర్కొన్నాయి.