సడలించిన తంతి

శ్రోతల నుండి మాకు వచ్చు జాబులలో పాటల కోరికలే మెండు. రాయదుర్గం నుండి వచ్చిన ఒక జాబు మాత్రము వేరు తీరుది. తన తల్లి నవరోజు రాగములో పాడు జోలపాటను గిటారుపై పలికింపజూచితిననియు, పాట వచ్చినది గాని జోల రాలేదనియు ఒక యువకుడు వ్రాసినాడు. రేడియోలో విన్న హవాయి గిటారు ఊయలవలె ఊగినదే, తనది ఊగదేమని అతని ప్రశ్న.

హవాయి గిటారనగానే మనవారికి తోచునది ఒడిలో పరుండబెట్టి, ఉక్కు కడ్డీని తంతులపై జార్చి వాయించు వాద్యము. అది మన గోటువాద్యమునకు చుట్టము. ఈ యువకుడు వినినది అంతకంటె పాతదైన వేరొక పద్ధతి. హవాయి భాషలో దానిని ‘కీ హోఆలు’ అందురు. బిరడాను సడలించుట అని అర్థము.

1793లో వాంకూవర్ అను ఆంగ్ల నావికుడు హవాయి రాజునకు పశువులను కానుకగా నిచ్చెను. మందలు పెరిగి పైరుల పాలిట పీడయైనవి. 1830 ప్రాంతమున మూడవ కమేహమేహా వాటిని అదుపు చేయుటకు మెక్సికో పసులకాపరులను రప్పించెను. వారితో గిటారులు వచ్చినవి. వారు మరలిపోయిన పిదప ద్వీపవాసులు ఆ తంతులను తమ పాటకు తగినట్లు సడలించుకొనిరని చెప్పుదురు. ఒక్కొక్క కుటుంబమునకు ఒక్కొక్క శ్రుతి. పరాయివాడు దరిజేరినచో బిరడాలు త్రిప్పి శ్రుతిని చెరిపివేయువారును కలరట! అట్లు దాచిన శ్రుతులు కొన్ని దాచినవారితోనే పోయినవి. గ్యాబీ పాహినుయి 1946లో గ్రామఫోను రికార్డు నిచ్చుటయు, కియోలా బీమర్ 1973లో అభ్యాసగ్రంథము ప్రకటించుటయు ఆ విద్యను వీధిలోనికి తెచ్చినవి.

ఇది మనకు వింత కాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు చేపట్టిన ఫిడేలు పాశ్చాత్యుల వాద్యము. వారి శ్రుతి జి-డి-ఏ-ఇ. మన స-ప-స-ప కావలెనన్న, క్రింది రెండు తంతులను అట్లే ఉంచి, పై రెండింటిని ఒక్కొక్క స్వరము దించిన చాలును. విజయనగర సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడుగారి కమానుక్రింద మ్రోగినదియు ఈ స-ప-స-ప శ్రుతియే. పంచమము లేని హిందోళము పాడునప్పుడు తంబురా పంచమ తంతిని మధ్యమమునకు దించుట మాత్రము కీ హోఆలు గాక మరేమి?

ఇక ఆ యువకుని గిటారు. దుకాణములో దానికి చెప్పు శ్రుతి ఇ-ఏ-డి-జి-బి-ఇ. దీనిలో ఆరవ, అయిదవ, మొదటి తంతులను ఒక్కొక్క స్వరము దించినచో డి-జి-డి-జి-బి-డి యగును. హవాయివారు దీనికి పెట్టిన పేరు ‘టారో ప్యాచ్’, అనగా చేమదుంపల మడి. జిని షడ్జముగా తీసికొన్నచో ఇది ప-స-ప-స-గ-ప. నవరోజు శంకరాభరణ జన్యము; మంద్ర పంచమము నుండి మధ్య పంచమము వరకే దాని సంచారము. నాలుగవ తంతి విడిగా మ్రోగిన మంద్ర పంచమము, మొదటిది విడిగా మ్రోగిన మధ్య పంచమము! దైవత నిషాదములు నాలుగవ తంతి రెండవ, నాలుగవ మెట్లపైనను, రిషభము మూడవ తంతి రెండవ మెట్టుపైనను, మధ్యమము రెండవ తంతి మొదటి మెట్టుపైనను దొరకును. రాగమంతయు నాలుగు మెట్లలో ఒదిగినది. బొటనవ్రేలు క్రింది ప-సలను ఊపుచుండును. ఆ యువకుడు వెదకిన ఊయల అదియే.

‘వహీనే’ యను మరియొక శ్రుతియు కలదు. అందు మూడవ తంతిని ఇంకొక అర స్వరము సడలించి కాకలి నిషాదము చేయుదురు. నిషాదము నుండి షడ్జమునకు ఎక్కు సొగసు దానిది. కాని జోలపాట షడ్జముపై మాటిమాటికి విశ్రమించును. విశ్రమించునప్పుడెల్ల వ్రేలు అదిమి పట్టవలసిన శ్రుతి దానికి తగదని మా తలంపు. రాగము ఖరహరప్రియయైనచో మొదటి శ్రుతియు పనికిరాదు. విడి తంతిపై అంతర గాంధారము పలికి చెవిని పొడుచును. అప్పుడు రెండవ తంతిని అర స్వరము దించవలెను.

రాయదుర్గపు ఎండకు కొయ్య ఎండి ముడుచుకొనును. ఉదయము కూర్చిన శ్రుతి మధ్యాహ్నమునకు నిలువకపోవచ్చును. సడలించిన తంతి కుదురుకొనుటకును కొంత వ్యవధి పట్టును. కనుక జోల పాడుటకు ముందు తల్లిగారి గొంతుతో షడ్జమును మరల సరిచూచుకొనవలెనని ఆ యువకునికి వ్రాసితిమి.