కార్వాన్ దారి

మీరెక్కడి నుంచి వచ్చారని అడిగేవాళ్లకు మేం ఓ నడక దారి చెబుతాం. గోల్కొండ ఫతే దర్వాజా దాటి, లంగర్‌హౌజ్, కార్వాన్ మీదుగా పురానాపూల్ చేరండి. 22 కమాన్ల ఆ వంతెన 1578 నాటిది. చార్మినార్ 1591లో లేచింది. అంటే ఊరికన్నా దారే పెద్దది! భాగమతి కోసం కట్టారన్నది కథ. కార్వాన్ అంటే బిడారు. వజ్రాల వర్తకులు చరిత్రకెక్కారు, వాళ్ల మూటలు మోసిన మావాళ్లు ఎక్కలేదు.

1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచాడు. ఓడిన తానీషా కూడా ముసల్మానే. మమ్మల్నందర్నీ ఒకే గాటన కట్టేవాళ్లకిది గుర్తుండదు.

1671 నాటి టోలీ మసీదు ఈ దారిలోనే ఉంది. మక్కా మసీదు ఖర్చులో రూపాయికో దమ్డీ మిగిల్చి కట్టారంటారు. వారసత్వ నడకలు మాత్రం చార్మినార్ నుంచి చౌమహల్లా నవాబుల గుమ్మం దాకే. మేం కార్వాన్ నుంచే నడుస్తాం.