గర్భిణికి ఉన్నట్టుండి పొట్ట పైభాగంలో తీవ్ర నొప్పి.. అన్నీ గ్యాస్ నొప్పులే కావు! ఏంటీ 'ప్లీహ ధమని ఉబ్బు'?

నెలలు నిండిన గర్భిణి పొట్ట పైభాగంలో నొప్పి అంటే ఇంట్లో వాళ్లు గ్యాస్ అనుకుని వాము నీళ్లు తాగిస్తారు. చాలాసార్లు అది గ్యాసే. కానీ అరుదుగా, లోపల ఓ రక్తనాళం పగిలి ఉండొచ్చు.

ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహానికి రక్తం తీసుకెళ్లే ధమని గోడ ఒకచోట పలచబడి బుడగలా ఉబ్బుతుంది. దీన్నే డాక్టర్లు స్ప్లీనిక్ ఆర్టరీ ఎన్యూరిజం అంటారు. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఇది దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ. గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల నాళాల గోడలు మెత్తబడతాయి, ఒంట్లో రక్తం పరిమాణం పెరుగుతుంది. అందుకే చివరి మూడు నెలల్లో పగిలే ముప్పు ఎక్కువ. కాన్పు సమయంలో, బాలింతగా ఉన్న రోజుల్లోనూ పగలొచ్చు. ఎక్కువ కాన్పులైన వాళ్లకు, కాలేయ జబ్బుతో పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగిన వాళ్లకు రిస్క్ మరింత.

1770లోనే ఓ శవపరీక్షలో ఈ ఉబ్బును గుర్తించారు. అయినా ఇప్పటికీ చాలామందిలో అది పగిలాకే బయటపడుతోంది. గర్భిణులకు చేసే స్కాన్‌లో చూపంతా బిడ్డ మీదే ఉంటుంది మరి!

అసలు మోసం ఇక్కడే ఉంది. కొందరిలో, సుమారు నలుగురిలో ఒకరికి, ఇది రెండు విడతల్లో పగులుతుంది. మొదట కారిన రక్తం జీర్ణాశయం వెనకున్న చిన్న సంచిలాంటి ఖాళీలో ఆగుతుంది. బీపీ కాస్త కోలుకుంటుంది, నొప్పి తగ్గినట్టు అనిపిస్తుంది. 'తగ్గింది కదా, పొద్దున చూద్దాం' అనుకుంటారు. గంటల్లోనో, ఒకట్రెండు రోజుల్లోనో ఆ రక్తం పొట్టంతా కమ్మేస్తుంది. అప్పుడిక టైమ్ ఉండదు. పాత వైద్య నివేదికల ప్రకారం, గర్భిణుల్లో ఇది పగిలితే తల్లి మరణాలు 75 శాతం వరకు, బిడ్డ మరణాలు 95 శాతం వరకు ఉన్నాయి.

రాయికోడ్ లాంటి మండలాల్లో ఆ మొదటి విడతే కీలకం. ఊరి నుంచి జహీరాబాద్ ఏరియా ఆస్పత్రికి, అక్కడి నుంచి సంగారెడ్డికి, ఇంకా పెద్ద కేసైతే హైదరాబాద్‌కు పోవాలి. ఒక్క జహీరాబాద్ నుంచే హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. నొప్పి తగ్గిందని ఆగకుండా 108కి ఫోన్ చేయాల్సింది అప్పుడే.

ఎడమవైపు పొట్ట పైన ఉన్నట్టుండి నొప్పి, ఎడమ భుజంలోకి లాగడం, కళ్లు తిరిగి పడిపోవడం, చల్లని చెమటలు, కింద నుంచి రక్తం పోకుండానే మనిషి పాలిపోవడం.. ఇవే గుర్తులు. ఆస్పత్రిలో దీన్ని మాయ విడిపోవడం, గర్భసంచి పగలడం అనుకుని సిజేరియన్‌కు తీసుకెళ్తుంటారు. పొట్ట తెరిచాక గర్భసంచి బాగానే ఉండి, రక్తం పై నుంచి వస్తుంటే ప్లీహం వైపు చూడాల్సిందే.

పగిలితే ఆపరేషన్ చేసి ధమనిని కట్టేస్తారు, తరచూ ప్లీహాన్నీ తీసేస్తారు. గుట్టలుగా రక్తం ఎక్కించాలి, జనరల్ సర్జన్ పక్కనే ఉండాలి. పగలకముందే దొరికితే తొడ దగ్గరి నాళం గుండా సన్నని గొట్టం పంపి, కాయిల్స్‌తో ఉబ్బును మూసేయొచ్చు. మామూలుగా 2 సెంటీమీటర్లు దాటితేనే చికిత్స చేస్తారు. గర్భిణులకు, పిల్లల్ని కనాలనుకునే వాళ్లకు మాత్రం ఎంత చిన్నదైనా చికిత్సే మేలంటారు.

ప్లీహం తీసేసిన బాలింతకు న్యుమోకోకల్, మెనింగోకోకల్, హిబ్ టీకాలు వేయించాలి. ఆ తర్వాత ఎప్పుడు జ్వరం వచ్చినా ఇంట్లో గోళీతో సరిపెట్టకుండా అదే రోజు డాక్టర్‌కు చూపించాలి.