ఇవాళ నీ రంగే

ఫోన్ చెవికి ఆనించు. ఇప్పుడిప్పుడే తెల్లారింది. కిటికీ అవతల కలీహి వీధిలో కోడి కూస్తోంది, ఎవరో మొరాయిస్తున్న ట్రక్కును స్టార్ట్ చేస్తున్నారు. నువ్వు మంచం అంచున కూర్చుని వింటున్నావు. అవతల మనిషి లేడు, రికార్డు చేసిన గొంతే. బతిమాలడానికి గానీ అబద్ధం చెప్పడానికి గానీ ఎవరూ దొరకరు. ఆ గొంతు ఇవాళ్టి రంగులు ఒక్కొక్కటే చదువుతోంది.

నీ రంగు చదివింది.

మధ్యాహ్నం రెండింటిలోపు కోర్టుకు వెళ్లి మూత్రం ఇవ్వాలి. ఐస్ అనే మత్తుమందు పీల్చి రెండు రాత్రులే అయింది.

ఇంతకీ నువ్వెవరో తెలియాలి కదా. ఇది 2008. ఊరు హొనొలులు, హవాయి రాష్ట్ర రాజధాని. దొంగతనం కేసులో నేరం రుజువైంది. జడ్జి నిన్ను జైలుకు పంపకుండా ప్రొబేషన్ మీద వదిలాడు. మత్తు ముట్టకూడదు, ఆఫీసరు పిలిచిన రోజున హాజరవ్వాలి, మళ్లీ నేరం చేయకూడదు. కాదంటే ఏళ్ల తరబడి జైలు. మన దగ్గర పెరోల్ అనగానే పెళ్లికో చావుకో ఖైదీని ఇంటికి పంపే సెలవు గుర్తొస్తుంది. అమెరికాలో పెరోల్ అంటే ముందే విడుదల చేసి, మిగిలిన శిక్షాకాలం బయట నిఘాలో ఉంచడం. ప్రొబేషన్ అయితే అదే నిఘా, కాకపోతే జైలుకు పంపడానికి బదులు. రెండింటికీ పట్టిన జబ్బు ఒకటే. ఆ జబ్బును నువ్వు బాగా ఎరుగుదువు. ఇన్నాళ్లూ దాన్ని వాడుకునే బతికావు.

గోడ అవతల గురక వినిపిస్తోందా? పక్కింటివాడిది. వాడిదీ నీలాంటి కేసే. మొన్న ఐస్ పీల్చింది కూడా ఇద్దరూ కలిసే. వాడు మాత్రం పొద్దున్నే ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు. వాడి పరీక్ష వచ్చే నెల ఫలానా తేదీన. ఆ తేదీ వాడికి ఇప్పుడే తెలుసు. నాలుగు రోజులు ముందు ఆపేస్తే మూత్రంలో ఏమీ దొరకదు. దొరికినా ఏమవుతుంది? ఆఫీసరు ముందు వందకు పైగా ఫైళ్లున్నాయి. తిడతాడు, రాసుకుంటాడు, ఈసారికి పొమ్మంటాడు. అలా పది పన్నెండు తప్పులు పోగయ్యాక ఒకరోజు విసుగొచ్చి పెద్ద నివేదిక రాసి జడ్జికి పంపుతాడు. అప్పుడు జడ్జి చేతిలో రెండే దారులు. మళ్లీ వదిలేయడం, లేదంటే ఏళ్లకేళ్లు లోపలికి తోసేయడం.

ఆ రెండు దారులూ చూసి చిరాకుపడ్డ జడ్జి పేరు స్టీవెన్ ఆల్మ్. అంతకుముందు ఫెడరల్ ప్రాసిక్యూటర్. 2004లో ఇలాంటి కేసులు ఆయన బల్ల మీదికి వచ్చాయి. ఇంట్లో పిల్లాడు తప్పు చేస్తే పన్నెండుసార్లు ఊరుకుని పదమూడోసారి ఇంట్లోంచి గెంటేస్తామా అన్నది ఆయన ఆలోచన. అదే ఏడు అక్టోబరులో 34 మందితో కొత్త పద్ధతి మొదలుపెట్టాడు. దాని పేరు హోప్. అది పనిచేస్తుందో లేదో తేల్చడానికి పరిశోధకులు 493 మందిని తీసుకుని, చీటీలు వేసినట్టు రెండు వాటాలు చేశారు. 330 మంది ఇటు హోప్‌లోకి, 163 మంది అటు పాత పద్ధతిలోకి. నువ్వు ఇటు పడ్డావు, అందుకే నీకో రంగు, రోజూ పొద్దున్నే ఈ ఫోను. పక్కింటివాడు అటు పడ్డాడు. అంతే తేడా.

లే. ముఖం కడుక్కో. దారులు లెక్కపెట్టుకో.

మొదటి దారి, నీళ్లు. కడుపు పగిలేలా తాగితే మూత్రం పలచబడుతుంది. కానీ మరీ పలచగా ఉన్నా వాళ్లకు అనుమానం వస్తుంది. రెండో దారి, వెళ్లకపోవడం. వైయనైలో మీ చిన్నమ్మ కొడుకు ఉన్నాడు, నాలుగు రోజులు దాస్తాడు. తర్వాత? ఇది దీవి. ఏ దిక్కుకు పరిగెత్తినా సముద్రమే అడ్డం. పైగా ఈ పద్ధతిలో వారంటు పుట్టిందంటే ఫైల్లో పడుకోదు, పోలీసులు నిజంగానే వెతుక్కుంటూ వస్తారు. మూడో దారి, వెళ్లడం.

మొదటి రోజు కోర్టులో ఆల్మ్ చెప్పింది గుర్తు తెచ్చుకో. నీతో పాటు ఇంకొందరిని వరసగా కూర్చోబెట్టాడు. కోప్పడలేదు. ఇక్కడున్న అందరం మీరు నెగ్గుకు రావాలనే కోరుకుంటున్నామన్నాడు. ఐస్ పీల్చాలో వద్దో మీ చేతిలో ఉంది, పీలిస్తే ఏం జరగాలో నా చేతిలో ఉందన్నాడు. దొరికితే ఆ రోజే జైలు. తప్పు ఒప్పుకుంటే కొన్ని రోజులే. పారిపోతే లెక్క రోజుల్లో ఉండదు, వారాల్లోకి పోతుంది. అప్పుడు నవ్వొచ్చింది నీకు. జడ్జీలు ఇలాంటివి చాలా చెబుతారు.

బస్సెక్కు. కింగ్ స్ట్రీట్ మీదుగా పంచ్‌బౌల్ వీధి వైపు. సాయంత్రం నాలుగింటికి వైకీకీ హోటల్లో గిన్నెలు కడిగే డ్యూటీ ఉంది. వెళ్లగలవో లేదో. ఆ పని దొరకడానికి ఎన్ని గడపలు ఎక్కావో నీకే తెలుసు. బస్సు ఆగినప్పుడల్లా కాళ్లు దిగిపొమ్మంటున్నాయి. దిగకు.

కోర్టు తలుపు. బెల్టు తియ్. తాళాలు ట్రేలో పడెయ్. లోపలికి నడువు.

కప్పు చేతిలో పెట్టారు. ఒకతను నీ వెనకే వచ్చి నిలబడ్డాడు. చూస్తూ ఉంటాడు. ఇంకొకరిది తెచ్చి పోయకుండా.

రావడం లేదు.

చెయ్యి వణుకుతోంది.

వచ్చింది.

ఇక ఆగాలి. నిమిషాలే. గోడ గడియారం వైపు చూడకు. బల్ల అవతల ఆఫీసరు కళ్లెత్తింది. వాడావా అని అడిగింది.

ఇదీ అసలు ఘడియ. లేదంటే శాంపిల్ ల్యాబుకు వెళ్తుంది, అక్కడా దొరికితే శిక్ష పెరుగుతుంది. అవునంటే ఇప్పుడే, ఇక్కడే.

"అవును. మొన్న రాత్రి."

చేతులు వెనక్కి. బేడీలు చల్లగా ఉన్నాయి. బిగుసుకున్నాయి. అంతే.

హోటల్‌కు ఫోన్ చేయలేదని వ్యాన్ ఎక్కాక గుర్తొచ్చింది. ఈ పద్ధతిలో నాకు నచ్చని చోటు కూడా ఇదే. ఒక్క మధ్యాహ్నంలో మనిషి కూడబెట్టుకున్న కాస్త పరువూ రాలిపోవచ్చు. వ్యాన్ మళ్లీ కలీహికే వచ్చింది. ఓఆహూ దీవి జైలు మీ పేటలోనే ఉంది. పట్టేదానికన్నా ఎక్కువమందిని కుక్కిన జైలు. రాత్రంతా దీపాల వెలుగు, ఎవరిదో దగ్గు, పక్కవాడి మోచెయ్యి. ఒళ్లంతా నొప్పులు, ఆకలి, మళ్లీ నిద్ర. ఏళ్లు కాదు, రెండు రాత్రులే. అయినా పెద్ద శిక్షను తలచుకుని నువ్వు ఒక్కనాడూ ఇంత భయపడలేదు. పదేళ్ల జైలంటే ఎప్పుడో, ఎవరికో. ఇది ఇవాళ, నీకు.

పనిదినాలు రెండు తిరక్కుండానే జడ్జి ముందున్నావు. ఇంత తొందరగా ఎలా? మునుపటి నివేదిక రాయడానికే ఆఫీసరుకు బోలెడు సమయం పట్టేది. ఇప్పుడు గడులు నింపే చిన్న ఫారం ఒక్కటే పంపుతోంది. విచారణకు పట్టేవి నిమిషాలు. ఆల్మ్ నీ పని గురించి అడిగాడు. ఉద్యోగం ఉన్నవాళ్లకు మొదటి తప్పుల శిక్షను శని, ఆదివారాల్లో అనుభవించే వీలుంది. ఆ తర్వాత ఆయన అడిగింది నువ్వు ఊహించనిది. చికిత్స కావాలా? ఇక్కడ అందరినీ బలవంతంగా చికిత్సకు తోలరు. అడిగినవాళ్లకు ఇస్తారు. పదేపదే దొరికేవాళ్లను పంపుతారు. రెండు రాత్రుల జైలుతో తనంతట తానే మానేయగలిగినవాడు చికిత్సాకేంద్రంలో మంచాన్ని అది అవసరమైనవాడికి వదిలేస్తాడు.

కావాలని చెబుతావా, వద్దంటావా? ఆలోచించుకో. మళ్లీ రంగు ఎప్పుడు పిలుస్తుందో ఎవరికీ తెలియదు.

ఏడాది గడిచింది. ఇటు వాటాలో నూటికి 21 మంది మళ్లీ అరెస్టయ్యారు. అటు వాటాలో 47 మంది. మత్తు పరీక్షల్లో ఇటు నూటికి 13 దొరికాయి, అటు 46. ప్రొబేషన్ రద్దయి జైలుకు వెళ్లినవాళ్లు ఇటు 7, అటు 15. పక్కింటివాడు ఆ పదిహేనులో ఒకడు. నిన్న పొద్దున వచ్చి తీసుకెళ్లారు. వాడు నీకంటే చెడ్డవాడేమీ కాదు. వాడిని హెచ్చరించడానికే ఎవరికీ తీరిక లేకపోయింది, శిక్షించడానికి మాత్రం ఒక్కసారిగా దొరికింది.

ఈ సంగతి మిగతా రాష్ట్రాల చెవిన పడింది. వాషింగ్టన్ రాష్ట్రం 2011లో సియాటిల్‌లో జైలు నుంచి బయటికొచ్చి నిఘాలో ఉన్నవాళ్ల మీద దీన్ని పరీక్షించింది. 2012లో చట్టం మార్చి రాష్ట్రమంతా తెచ్చింది. చిన్న తప్పుకు మూడు రోజులు మించని జైలు, పెద్దదానికి ముప్పై రోజుల దాకా. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు లెక్కలు తీస్తే జైల్లో గడిపిన రోజులు తగ్గాయి, మళ్లీ నేరం రుజువైన కేసులు తగ్గాయి, చికిత్సలో చేరినవాళ్లు పెరిగారు.

ఇక్కడితో ఆపితే అబద్ధం చెప్పినట్టే. రా, నిన్ను టెక్సస్‌లోని టారంట్ కౌంటీకి తీసుకెళ్తాను. చెవికి ఫోన్ ఉంది. కప్పు ఉంది, బేడీలున్నాయి. ఇలాగే అర్కన్సా, మసాచుసెట్స్, ఒరెగాన్‌లలో ఒక్కో కౌంటీలో కూడా, మొత్తం పదిహేను వందల మంది మీద కేంద్ర న్యాయశాఖ ఇదే పద్ధతికి పరీక్ష పెట్టించింది. 2016లో ఫలితాలు వచ్చాయి. మళ్లీ అరెస్టవడంలో పాత పద్ధతికీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఎందుకని? పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ కౌంటీల్లో పాత పద్ధతి హొనొలులులో ఉన్నంత అధ్వాన్నంగా లేదని కొందరు, మనుషులు వేరని కొందరు. నా మటుకు నాకు ఒకటి అనిపిస్తుంది. బేడీలను ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు. మీరు నెగ్గాలి అని పేరు పెట్టి పిలిచి చెప్పే జడ్జిని, అడిగిన రోజునే దొరికే చికిత్స మంచాన్ని, ఒకే మాట మీద నిలబడే ఆఫీసర్లనూ పోలీసులనూ లాయర్లనూ ప్యాకెట్లో కట్టి పంపడం కుదరదు. ఆల్మ్ ముందు ఆ మనుషులందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి ఒప్పించాడు, పరీక్ష కప్పులు ఆ తర్వాతే వచ్చాయి. నకలు తీసిన చోట్ల కప్పులే ముందు వచ్చాయేమోనని నా అనుమానం.

ఒక్క సంగతి మాత్రం ఈ లెక్కలన్నీ దాటి నిలబడుతుంది. హొనొలులులో ఇటు పడ్డవాళ్లు అటు పడ్డవాళ్లకంటే 48 శాతం తక్కువ రోజులు శిక్ష జైల్లో గడిపారు. చిన్న శిక్షలు తప్పకుండా పడ్డ ఆ చోట పెద్ద శిక్షల అవసరం దాదాపు సగం తగ్గింది. అందుకే రేపు ఎవరైనా వేదికెక్కి శిక్షలు కఠినం చేస్తాం, ఏళ్లు పెంచుతాం అని గొంతు చించుకుంటే, చప్పట్లు కొట్టే ముందు ఒక్కటి అడుగు. తప్పు దొరికిన రోజుకీ, ఆ మనిషి జడ్జి ముందు నిలబడే రోజుకీ మధ్య ఇప్పుడు ఎన్ని రోజులు పడుతోంది?