గని కక్కిన రంగు

అమెరికాలో ఒహాయో రాష్ట్రపు ఆగ్నేయ మూలన సండే క్రీక్ అనే వాగు ఉంది. హాకింగ్ నదిలో కలిసే ఈ వాగు కొన్నిచోట్ల ముదురు నారింజ రంగులో పారుతుంది. అడుగునున్న రాళ్లకు అదే రంగు మడ్డి. అలాంటిచోట చేప బతకదు.

ఆ రంగు వెనక నూరేళ్లకు పైబడిన బొగ్గు చరిత్ర ఉంది. రైళ్లు వచ్చాక హాకింగ్ లోయలో ఊరికో గని వెలిసింది. 1884లో కూలి తగ్గించినందుకు కార్మికులు సమ్మె కట్టారు. ఆ గొడవల్లో కొందరు బొగ్గు తొట్లకు నిప్పంటించి న్యూ స్ట్రెయిట్స్‌విల్ ఊరి గనుల్లోకి తోసేశారు. ఆ నిప్పు వందేళ్లు గడిచినా నేలకింద రాజుకుంటూనే వచ్చింది. 1930 నవంబరు 5న మిల్‌ఫీల్డ్‌లో సండే క్రీక్ కోల్ కంపెనీ గని పేలి 82 మంది చనిపోయారు. కొత్త భద్రతా ఏర్పాట్లు చూద్దామని ఆరోజే లోపలికి దిగిన కంపెనీ అధ్యక్షుడూ వారిలో ఒకడు.

తరవాత గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కంపెనీలు వెళ్లిపోయాయి, సొరంగాలు మిగిలాయి.

వాటిలోకి ఊరిన నీరు, గాలి కలిసి బొగ్గు పొరల్లోని పైరైట్ అనే ఖనిజాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా, కరిగిన ఇనుముగా మారుస్తాయి. ఆ నీరు పైకి ఉబికి గాలి తగలగానే ఇనుము తుప్పై పేరుకుంటుంది. తవ్వినవాళ్లే నేలను బాగుచేయాలని 1977లో చట్టం వచ్చింది. అయితే అప్పటికే వదిలేసిన గనులకు జవాబు చెప్పే యజమాని లేడు. ఇది ఘోరమైన అన్యాయం. లాభం ఒక తరం తీసుకుపోతే, మడ్డి మరో తరానికి మిగిలింది.

ఏథెన్స్ పట్టణంలోని ఒహాయో విశ్వవిద్యాలయంలో చిత్రకళ బోధించే జాన్ సాబ్రా ఈ వాగులు చూసి, ఆ మడ్డితోనే బొమ్మ వేయాలనుకున్నాడు. అదే విశ్వవిద్యాలయంలో ఇంజనీరు గై రీఫ్లర్ అప్పటికే గని నీటి నుంచి ఇనుమును విడదీసే పనిలో ఉన్నాడు. ఆమ్లాన్ని విరిచి, గాలి ఊది, అడుక్కి దిగినదాన్ని వడగట్టి ఆరబెడితే పసుపు పొడి వస్తుంది. కాల్చేకొద్దీ అది ఎరుపెక్కి, ఊదాకు తిరుగుతుంది. తెలంగాణలోని పాండవుల గుట్ట రాతిబొమ్మల జేగురు కూడా ఈ ఐరన్ ఆక్సైడే.

సాబ్రా ఈ రంగుల్ని అల్యూమినియం పలకల మీద పొరలు పొరలుగా పోసి, వాటంతటవే పారి ఎండిపోనిస్తాడు. గుండ్రని ఆ నైరూప్య చిత్రాల్లో గనీ కనిపించదు, మనిషీ కనిపించడు. అయినా పర్యావరణం మీద వచ్చిన ఎన్నో బొమ్మలకంటే ఇవి బలంగా తాకుతాయి. జరిగిన నష్టాన్ని అవి వర్ణించవు. ఆ నష్టమే వాటిలో రంగు.

గ్యాంబ్లిన్ అనే రంగుల కంపెనీ ఈ పొడితో తైలవర్ణాలు తయారుచేసి అమ్మింది. సాబ్రా, రీఫ్లర్ స్థానిక రూరల్ యాక్షన్ సంస్థతో కలిసి, సండే క్రీక్ లోయలోని ట్రూటౌన్ దగ్గర శుద్ధి కర్మాగారం తలపెట్టారు. రంగు అమ్మిన డబ్బుతోనే నీటిని శుభ్రం చేయాలన్నది ఆలోచన. చిత్రకారుల ట్యూబులకు పట్టే పొడి కొంచెమే. ఇటుకలకు, కాంక్రీటుకు, ఇంటి రంగులకు మాత్రం ఐరన్ ఆక్సైడ్ టన్నులకొద్దీ కావాలి. ట్రూటౌన్ లెక్క నిలబడాల్సింది ఆ మార్కెట్ మీదే.