బైపాస్ స్విచ్ (కంప్యూటర్ నెట్‌వర్కులు)

ట్రాఫిక్ మొత్తం తన గుండానే పోయేలా దారి మధ్యలో బిగించిన పరికరం చెడిపోయినప్పుడు, దాన్ని తప్పించి అటూ ఇటూ ఉన్న కేబుళ్లను నేరుగా కలిపేసే ఏర్పాటు బైపాస్ స్విచ్. పరికరం ఆగిపోయిందని ఎలా తెలుసుకోవాలన్నదే మొదటినుంచీ దీని ముందున్న చిక్కు.

ఈ అవసరం తొలుత రింగు నెట్‌వర్కుల్లో పడింది. రింగులో ప్రతి కంప్యూటరూ వెనకనుంచి వచ్చిన సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపాలి. ఒకటి ఆగితే అందరికీ ఆగుతుంది. 1985లో ఐబీఎం తెచ్చిన టోకెన్ రింగులో దీనికి కట్టిన ఉపాయం ఈనాటికీ మెచ్చదగ్గది. 8228 అనే పెట్టెలో కంప్యూటర్లకు 8 పోర్టులు, పోర్టుకో రిలే ఉండేవి. పెట్టెకు విడిగా కరెంటు సరఫరా లేదు. కంప్యూటరులోని కార్డు డేటా పోయే తీగల మీదే కాస్త డీసీ కరెంటు పంపితే రిలే టక్కుమని మారి, ఆ కంప్యూటరును రింగులో చేర్చేది. కంప్యూటరు ఆపేసినా, కేబుల్ ఊడినా ఆ కరెంటు ఆగి రిలే మళ్లీ పాత స్థానానికి వచ్చేది. మిగతావారి పని సాగిపోయేది. 100 మెగాబిట్ల ఎఫ్‌డీడీఐ ఫైబర్ రింగుల్లో ఇదే పనిని కాంతిని మళ్లించే ఆప్టికల్ బైపాస్ చేసింది. అయితే ఒక్కో బైపాస్ దగ్గర కొంత కాంతి నష్టమయ్యేది కాబట్టి, వరసగా ఎక్కువ స్టేషన్లు ఆగితే రింగు నిలిచేది కాదు.

1990లలో ఈథర్‌నెట్ స్విచ్‌లు వచ్చాక ఒక కంప్యూటరు ఆగితే దానికే నష్టం. బైపాస్ అవసరం తగ్గింది. చొరబాట్లను పసిగట్టే పరికరాలు కూడా అప్పట్లో ట్రాఫిక్ నకలునే చూసేవి. వాటిని పడగొడితే ట్రాఫిక్ కాపలా లేకుండా సాగిపోతుందని 1998లో భద్రతా పరిశోధకులు టాసెక్, న్యూషామ్ తమ పత్రంలో చూపారు. 2000ల మొదట్లో టిప్పింగ్‌పాయింట్ వంటి సంస్థల పరికరాలు దాడిని అక్కడికక్కడే ఆపడానికి దారి మధ్యకు వచ్చాయి. పాత చిక్కు తిరిగొచ్చింది. ఈసారి ఒక్క పెట్టె ఆగితే ఆఫీసు మొత్తానికి నెట్ పోతుంది.

అందుకే రెండు పోర్టుల మధ్య రిలే ఉన్న బైపాస్ కార్డులు వచ్చాయి. కరెంటు పోతే రిలే పోర్టులను కలిపేస్తుంది. కానీ కరెంటు ఉండగానే సాఫ్ట్‌వేర్ హ్యాంగ్ అయితే రిలేకు ఆ సంగతి తెలియదు. దీనికి వాచ్‌డాగ్ టైమర్ పెట్టారు: సాఫ్ట్‌వేర్ గడువులోగా దాన్ని మళ్లీ మళ్లీ మొదటికి తిప్పాలి, తిప్పకపోతే రిలే పడిపోతుంది. ఆ తర్వాత బైపాస్‌ను వేరే పెట్టెగానే అమ్మారు. అది ఒక వైపు నుంచి హార్ట్‌బీట్ ప్యాకెట్ పంపి, పరికరం గుండా రెండో వైపుకు చేరుతుందో లేదో చూస్తుంది. పరికరాన్ని తీసి మార్చాలన్నా, సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ చేయాలన్నా ఇక రాత్రిదాకా ఆగనక్కర్లేదు. ఇంజనీర్లకు ఇది చిన్న మేలు కాదు.

రిలే మిల్లీసెకన్లలో మారినా నెట్ అంత త్వరగా రాదు. అటూ ఇటూ ఉన్న స్విచ్‌లు ఒకదానితో ఒకటి లింకు కొత్తగా కుదుర్చుకోవాలి; గిగాబిట్ రాగి కేబుల్ మీద దానికి కొన్ని సెకన్లు పడుతుంది. పోర్టులో పాత తరహా స్పానింగ్ ట్రీ (లూపులు రాకుండా చూసే ప్రోటోకాల్) మామూలు గడువులతో నడుస్తుంటే రెండు దశలకు 15, 15 కలిపి మరో 30 సెకన్లు. బైపాస్‌లో రెండు కేబుళ్లూ ఒకటే కేబుల్ అవుతాయి కాబట్టి రెంటి పొడవూ కలిపి 100 మీటర్లు దాటకూడదు. 60 మీటర్లు ఒకటి, 70 మీటర్లు ఒకటి వేసినచోట రోజూ అంతా బాగానే ఉంటుంది, పరికరం పోయిన రోజే లింకు రాకపోవచ్చు. 10/100 మెగాబిట్ల రోజుల్లో స్ట్రెయిట్, క్రాస్ కేబుళ్లు తారుమారైనా ఇదే జరిగేది. పోర్టులే తీగల వరసను సరిచేసుకోవడం మొదలయ్యాక ఆ బెడద తగ్గింది. కరెంటు తీసి చూడకుండా బైపాస్ ఉందని నమ్మకూడదు.

అసలు దారి తెరిచి ఉంచాలా, మూసేయాలా? తెరిచి ఉంచడాన్ని ఫెయిల్-ఓపెన్ అని, మూసేయడాన్ని ఫెయిల్-క్లోజ్డ్ అని అంటారు. లోపలి నెట్‌వర్కుకు ఏకైక కాపలా అయిన ఫైర్‌వాల్ మూసేయడమే మేలు. దాని వెనక ఉన్న తనిఖీ పరికరం తెరిచి ఉంచవచ్చు, కానీ అందులో ప్రమాదం లేకపోలేదు. ట్రాఫిక్ వరదతో దాన్ని ఉక్కిరిబిక్కిరి చేస్తే హార్ట్‌బీట్ తప్పి, దాడి చేసేవాడికే దారి తెరుచుకోవచ్చు. రెండు పరికరాలను జంటగా నడపడం ఒక మార్గం. ఖర్చు రెట్టింపవుతుంది, నడుస్తున్న కనెక్షన్ల వివరాలను అవి ఎప్పటికప్పుడు పంచుకోవాల్సి ఉంటుంది.

తొలి బైపాస్ స్విచ్‌లు తయారు చేసినవారిలో ఒకటైన నెట్ ఆప్టిక్స్‌ను 2013లో ఇక్సియా కొంది. ఇక్సియాను 2017లో కీసైట్ కొంది. తనిఖీ సాఫ్ట్‌వేర్ వర్చువల్ మెషీన్లలోకి మారాక రిలేకు చోటే లేకపోయింది. 2020లో అమెజాన్ తెచ్చిన గేట్‌వే లోడ్ బ్యాలన్సర్ వంటివి మెషీన్ల ఆరోగ్యాన్ని పరీక్షిస్తూ, బాగున్నవాటికే కొత్త ట్రాఫిక్ పంపుతాయి. మెషీన్లన్నీ ఒకేసారి పడిపోతే తనిఖీ లేకుండా ట్రాఫిక్ పోనివ్వడానికి రూట్ టేబుల్‌ను మార్చాలి. ఆ మార్పు మనిషి చేయాలి, లేదా ముందే రాసిపెట్టిన స్క్రిప్టు చేయాలి.